ఒక గొట్టంలో ఐదు తరాలు

పాల్వంచ దాటి కిన్నెరసాని అభయారణ్యం వైపు వెళ్లే దారిలో పక్షిని ఫొటో తీయాలనుకుంటే ముందు దూరం అడ్డొస్తుంది, తర్వాత డబ్బు. చిటారు కొమ్మన కూర్చున్న పాలపిట్ట ఫోన్ కెమెరాలో నీలం చుక్కగా మిగులుతుంది. ఐదారు వందల మిల్లీమీటర్ల దాకా లాగే జూమ్ లెన్సు కొత్తది కొందామంటే ధర లక్ష రూపాయల చుట్టూ మొదలవుతుంది. అందుకే చూపు సెకండ్‌హ్యాండ్ మీదికి పోతుంది. అక్కడ ఎవరైనా మొదట అడిగేది ‘ఎన్నేళ్లయింది కొని?’ అని. పాత సామాను బేరాల్లో అలవాటైన ప్రశ్నే అయినా, ఈ వస్తువు విషయంలో అది దారి తప్పిస్తుంది. టెలిఫొటో జూమ్‌కు ఒకే వయసంటూ లేదు. ఆ గొట్టంలో ఐదు వేరువేరు కాలాల్లో పుట్టిన ఐదు ఆవిష్కరణలు కలిసి కాపురం చేస్తుంటాయి. మామూలుగా వాటిలో ఆఖరున పుట్టింది ముందు పోతుంది, అన్నిటికన్నా పెద్దది చివరిదాకా నిలుస్తుంది. గోదావరి ఒడ్డు వానాకాలం మాత్రం ఈ వరుసను తలకిందులు చేస్తుంది. కొనాలా వద్దా అన్నది ఆ రెండు వరుసలూ తెలిస్తేనే తేలే లెక్క.

పెద్దదానితో మొదలుపెడదాం. 1891లో లండన్‌లో థామస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథే, అడాల్ఫ్ స్టెయిన్‌హైల్ ఎవరికి వారుగా టెలిఫొటో లెన్సును రూపొందించారు. సాదా కటకంతో 600 మిల్లీమీటర్ల నాభ్యంతరం కావాలంటే కటకానికీ ఫిల్ముకూ మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉండాలి. చంకలో పెట్టుకుని అడవిలో తిరిగే సరుకు కాదది. ఈ ముగ్గురి ఉపాయం చిన్నదే: ముందు కుంభాకార కటకం పెట్టి, దాని కిరణాలు ఒకచోటికి చేరేలోపే వెనక ఒక పుటాకార కటకాన్ని అడ్డుపెట్టడం. అప్పుడు కిరణాలు ఇంకా ఎంతో దూరం నుంచి వస్తున్నట్టు వాలుగా సాగుతాయి. లెన్సు పొట్టిదవుతుంది, బొమ్మ మాత్రం పొడుగు లెన్సు ఇచ్చేంత పెద్దదిగానే పడుతుంది. నేటి జూమ్‌లన్నిటి వెన్నెముక ఇదే. మంచి గాజు అంత తొందరగా ముసలిది కాదు. కింద పడక, గీతలు పడక ఉంటే నలభై ఏళ్లనాటి కటకం కూడా మొదటి రోజు వంచినట్టే వెలుగును వంచుతుంది.

రెండో తరం కంటికి ఆనదు. పూత లేని గాజు ఉపరితలం ఒక్కోటి తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. నికాన్ 2015లో తెచ్చిన 200-500 జూమ్‌లో 12 గుంపులుగా 19 గాజులున్నాయి. అంటే గాలికీ గాజుకూ మధ్య 24 హద్దులు. పూతే లేకపోతే అవన్నీ దాటి కెమెరాకు చేరేది 38 శాతం లోపే. హద్దుకు అర శాతం మాత్రమే పోయేలా పూత పూస్తే 88 శాతం దాకా చేరుతుంది. పాతబడి రంగు మారిన గాజులు వెలుగును ఎక్కువగా పోనిస్తున్నాయని 1890ల్లోనే ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ గమనించాడు. శూన్యంలో పలుచటి పొరను గాజుకు పట్టించే పద్ధతిని 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా సాధించాడు. లెన్సును వాలుగా పట్టుకుంటే కనిపించే ఊదా, ఆకుపచ్చ మెరుపులు ఆ పొరవే. అది లేకుండా ఇన్ని గాజుల జూమ్ అనే ఆలోచనే నిలవదు. ఈ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువ. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, వానాకాలపు కథంతా ఇక్కడే ఉంది.

జూమ్ ఆలోచన పాతదే. 1902లోనే అమెరికాలో క్లైల్ అలెన్‌కు దానిమీద పేటెంటు వచ్చింది. కానీ నాభ్యంతరం మారుతున్నా బొమ్మ చెదరకుండా ఉండాలంటే లోపలి గుంపులు ఒక్కోటి ఒక్కో లెక్కన జరగాలి. ఆ లెక్కలు తేలడానికి దశాబ్దాలు పట్టింది. స్టిల్ కెమెరాకు తొలి టెలిఫొటో జూమ్‌గా పేరున్న నికాన్ 85-250 మిల్లీమీటర్ల లెన్సు 1959లో వచ్చింది. ఇక్కడినుంచి లెన్సు యంత్రమైంది: గాడులు, పిన్నులు, గ్రీజు. యంత్రం అరుగుతుంది. జూమ్ తిప్పినప్పుడు పొడుగయ్యే గొట్టం గాలిని లోపలికి పీల్చుకుంటుంది, గాలితో పాటు ధూళినీ. కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనుల చుట్టుపక్కల తిరిగిన లెన్సులో నల్లటి నలుసులు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పది నలుసులున్నా బొమ్మలో తేడా తెలియదు. తిప్పేటప్పుడు ఇసుక నలిగినట్టు గరగరమంటే మాత్రం ఆలోచించాలి.

చివరి రెండు తరాలు విద్యుత్తువి. 1985లో మినోల్టా 7000 ఆటోఫోకస్‌ను జనంలోకి తెచ్చింది. రెండేళ్లకు కెనాన్ ఆ మోటారును కెమెరా నుంచి లెన్సులోకి మార్చింది. చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉన్న తొలి మార్పిడి లెన్సును, 75-300 జూమ్‌ను, కెనానే 1995లో అమ్మింది. గైరో సెన్సర్లు వణుకును పసిగడితే లోపల ఒక గాజుల గుంపు దానికి ఎదురు కదులుతుంది. అద్భుతమైన పనే. అయితే ముందు మూలపడేదీ ఇదే. రిబ్బను తీగ తెగుతుంది, మోటారు కీచుమంటుంది, కంపెనీ కొన్నేళ్లకు విడిభాగాలు ఆపేస్తుంది. చెడిపోకుండానే పనికిరాకుండా పోవడం కూడా ఉంది. నికాన్ 2000లో తెచ్చిన 80-400 లెన్సులో ఫోకస్ మోటారు లేదు, కెమెరా మోటారే దాన్ని తిప్పాలి. 2018లో అదే కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరాలకు మారినప్పుడు పాత లెన్సుల కోసం ఇచ్చిన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటారు పెట్టలేదు. దాంతో నిక్షేపంలాంటి గాజున్నా, ఆ అడాప్టర్‌తో ఆ లెన్సును కొత్త కెమెరా మీద చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. 1891 నాటి ఆలోచన బాగానే ఉంది, 1985 నాటిది మధ్యలో చేయి వదిలేసింది.

ఇప్పుడు తలకిందుల వరుస సంగతి. పొడి ఊళ్లో పెరిగిన లెన్సుకు పైన చెప్పిందంతా వర్తిస్తుంది. గోదావరి ఒడ్డున అలా కాదు. భద్రాచలం దగ్గర నది 2022 జులైలో 71.3 అడుగులకు, 1986 ఆగస్టులో 75.6 అడుగులకు లేచింది. అలాంటి వానాకాలాల్లో గోడలే చెమరుస్తాయి. గాలిలో తేమ రోజుల తరబడి 70 శాతం పైన ఉండి, లెన్సు తోలు సంచిలో, చీకటి బీరువాలో పడి ఉంటే గాజు మీద బూజు మొలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో, పనామాలో సైన్యాల బైనాక్యులర్లు ఇలాగే గుడ్డివయ్యాయి. బూజు వదిలే ఆమ్లాలు ముందు పూతను, ఆపైన గాజును తింటాయి. అంటే ఇక్కడ అన్నిటికన్నా గట్టివనుకున్న రెండు తరాలే ముందు పోవచ్చు, మోటారు మాత్రం హాయిగా తిరుగుతూ ఉండొచ్చు. అందుకే ‘ఎన్నేళ్లయింది’ అనే ప్రశ్నకన్నా ‘ఎన్ని వానాకాలాలు ఎక్కడ గడిపింది, వరద నీళ్లు చూసిందా’ అన్నది అసలు ప్రశ్న. జవాబును నమ్మే పనికూడా లేదు. లెన్సు వెనకవైపు నుంచి టార్చి వెలుగు వేసి ముందువైపు నుంచి వాలుగా చూస్తే ధూళి చుక్కల్లా, బూజు సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది.

బూజును తుడిపించుకోవచ్చు కదా అనే మాట వినిపిస్తుంది. ముందు గాజు మీద, మొదటి దశలో ఉంటే నిజమే. జూమ్ నడుమ గాజుల మీద ఉంటే గొట్టమంతా విప్పాలి. విప్పిన గుంపులు వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా బొమ్మలో ఒక మూల మసకబారుతుంది. పూతను తినేసిన చోట తుడిచినా మచ్చ మిగులుతుంది. ఇంత తంటా ఎందుకు, గ్యారంటీతో కొత్తదే కొనొచ్చు అనేది ఇంకో అభ్యంతరం. గ్యారంటీ కంపెనీ తప్పుకు ఉంటుంది, సాధారణంగా బూజుకు ఉండదు. సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బా లేని ఇంట్లో కొత్త లెన్సుకూ రెండు వానాకాలాల్లో పాతదాని గతే పడుతుంది. తేమను 40-50 శాతం మధ్య ఉంచుకోగలిగితే పాతదైనా నిలుస్తుంది.

బలమైన అభ్యంతరం మరొకటుంది: ఇంత బరువు దేనికి, 3000 మిల్లీమీటర్లకు సమానమని చెప్పుకునే చిన్న కెమెరాలు ఉన్నాయిగా? నికాన్ పీ1000 అలాంటిదే. దాని అసలు నాభ్యంతరం 539 మిల్లీమీటర్లు, ఆ చివర ద్వారం ఎఫ్ 8. భాగిస్తే వెలుగు దూరే కిటికీ 67 మిల్లీమీటర్లు. 200-500 లెన్సుకు ఎఫ్ 5.6 దగ్గర అది 89 మిల్లీమీటర్లు. వైశాల్యంలో ఒకటిన్నర రెట్లకు పైగా తేడా. పక్షి నుంచి వచ్చే వెలుగును పట్టేది కిటికీ వైశాల్యమే, అట్టపెట్టె మీది అంకె కాదు. టేకు, నల్లమద్ది ఆకులు కప్పిన నీడలో ఈ తేడా ఫొటోకూ గింజలు గింజలుగా చెదిరిన మసకకూ మధ్య తేడా అవుతుంది. ఎండాకాలం టేకు ఆకు రాల్చాక వెలుగు దండిగా దొరుకుతుంది గానీ, 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం ఎండలో నేల మీది గాలి మరుగుతూ దూరపు బొమ్మను అలలు చేస్తుంది. దానికి ఏ లెన్సూ మందు కాదు. పొద్దున ఎనిమిదిలోపు, దగ్గరికి వెళ్లి తీయడమే మార్గం. లెన్సు అందుకోలేనివి ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు గోదావరి లోయలోనూ నమోదైన కలివికోడి అంతరించిపోయిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. అది రాత్రి తిరిగే పిట్ట. ఆ తర్వాతి వెతుకులాటలో పనికొచ్చినవి టార్చీలు, అడుగుజాడలు పట్టే మెత్తటి మట్టి పట్టీలు, ఎవరూ లేనప్పుడు తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు.

కాబట్టి బేరం ఇలా తూకం వేయొచ్చు. గాజు, పూత శుభ్రంగా ఉండి వణుకు దిద్దే ఏర్పాటు మాత్రమే మొరాయిస్తే, ధర సగానికి దిగితే కొనొచ్చు. స్టాండు మీద పెట్టి తీసుకోవచ్చు, ఎగిరే పక్షికి వేగమైన షట్టరే ఆధారం. ఆ గాజుల గుంపు మాత్రం స్విచ్ ఆపినా అదురుతుంటే వదిలేయాలి. ఆటోఫోకస్ పనిచేయాల్సింది అమ్మేవారి కెమెరా మీద కాదు, కొనేవారి కెమెరా మీద. నడుమ గాజుల మీద బూజు దారాలుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఎప్పుడు కొనాలన్నదీ లెక్కలోకి వస్తుంది. వేసవిలో చూస్తే శుభ్రంగా కనిపించే గాజు, వానలు వెళ్లాక అక్టోబరులో తన సంగతి తానే బయటపెడుతుంది. చలికాలపు బాతులు కిన్నెరసాని జలాశయం మీద వాలేది కూడా ఆ తర్వాతే.