తాయిఫ్ గులాబీలు, హైదరాబాద్ టీకా

తాయిఫ్‌లో ఏటా మార్చి, ఏప్రిల్ నెలలు గులాబీల కాలం. అల్ హదా కొండల్లో కోసిన పూలను రాగి పాత్రల్లో మరిగించి అత్తరు తీస్తారు. తులం అత్తరుకి వేల పూలు కావాలి.

ఒకప్పుడు మందులదీ ఇదే కథ. ఇన్సులిన్‌ని పశువుల, పందుల క్లోమం నుంచి తీసేవారు. 1978లో మనిషి ఇన్సులిన్ జన్యువుని ఈ.కోలై బాక్టీరియాలో పెట్టి, దాని చేతే ఇన్సులిన్ చేయించారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో జన్యువు ప్రోగ్రాం అయితే, సూక్ష్మజీవి దాన్ని నడిపే కంప్యూటర్. పైగా తనని తానే కాపీ చేసుకునే కంప్యూటర్!

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మా చిన్నాన్న కొడుకు సౌదీ రావడానికి అప్పు చేసి ఏజెంటుకి డబ్బు కట్టాడు. మెడికల్‌లో హెపటైటిస్ బి ఉందని తేలింది. వీసా పోయింది, అప్పు మిగిలింది. ఫోన్‌లో "అన్నా, నాకు ఒంట్లో ఏ బాధా లేదే!" అన్నాడు. ఈ వైరస్ ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కాలేయంలో ఉండగలదు.

దీనికి టీకా ఉంది. మొదట్లో వైరస్ ఉన్నవాళ్ళ రక్తం నుంచే తయారుచేసేవారు. తర్వాత వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువు ఒక్కటే తీసి ఈస్టులో పెట్టారు. బాక్టీరియా కంటే ఈస్టులో ఈ ప్రోటీన్ సరైన ఆకారానికి వస్తుంది. అసలు వైరస్ ఉండదు కనుక టీకాతో జబ్బు రాదు.

ఈ పనిని మన దేశంలో మొదట చేసింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. 1993లో దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు తల్లి పేరే కంపెనీకి పెట్టారు. అప్పటి ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. వాళ్ళు పికియా అనే ఈస్టుని వాడారు. దానికి మిథనాల్ ఇస్తే జన్యువు స్విచ్ వేసినట్టు పనిచేస్తుంది. 1997లో టీకా బయటికి వచ్చింది. వందల రూపాయలుండే దిగుమతి టీకా ధర దానితో దిగివచ్చింది.

వైరస్ ఒంట్లో స్థిరపడిపోయాక టీకా పనిచేయదు. మా తమ్ముడు ఇప్పుడు డాక్టరు దగ్గర చూపించుకుంటున్నాడు. వాడి భార్యకీ పిల్లలకీ పరీక్షలు చేయించి, టీకాలు వేయించాం. కలిసి భోంచేస్తే ఇది అంటదని ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చజెప్పడానికే ఎక్కువ రోజులు పట్టింది.

మీ ఊరి నుంచి ఎవరైనా గల్ఫ్‌కి బయలుదేరుతుంటే, ఏజెంటుకి డబ్బు కట్టకముందే రక్త పరీక్ష చేయించుకోమనండి. వైరస్ లేకపోతే టీకా వేయించుకోమనండి.