ముహాజిర్లు, అన్సార్లు: నిజాంసాగర్ ఆయకట్టు అనుభవం

నిజామాబాద్ జిల్లాలో బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలలో తిరిగేవారికి ఒక సంగతి వెంటనే కనబడుతుంది. పాత ఊరికి కూతవేటు దూరంలో "క్యాంపు" అనే పేరుగల మరొక ఊరు ఉంటుంది. కొత్తవారు దానిని ఏ సైన్యమో విడిదిచేసిన చోటనుకుంటారు. అది పొరపాటు. నిజాంసాగర్ కాలువలు వచ్చిన తర్వాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి రైతులు వలసవచ్చి గుడిసెలు వేసుకున్న చోట్లవి. గుడిసెలు పోయి డాబాలు లేచాయి. అక్కడ పుట్టినవారి మనవలు, మునిమనవలు పెద్దవారయ్యారు. పేరులోని విడిది మాత్రం నేటికీ పోలేదు. వచ్చినవాడు ఎన్నాళ్ళకు ఊరివాడవుతాడు? ఈ ప్రశ్న ఇస్లామీయ చరిత్రలో హిజ్రత్ మొదటి సంవత్సరంలోనే ఎదురైనది. దానికి అక్కడ దొరికిన జవాబును, ఇక్కడ జరిగినదానిని పక్కపక్కన ఉంచి చూడటం ప్రయోజనకరం.

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసినది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ దీనిని రూపొందించారు. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వాలన్నది నాటి సంకల్పం. కాని నీరు రావడం వేరు, నీటిని వాడుకోవడం వేరు. జొన్న, పత్తి పండించుకునే మెట్ట రైతుకు కాలువ కింద వరి మడి చేయడం అలవాటులేని పని. మడి చదును చేయాలన్నా, గట్లు వేయాలన్నా, ఎరువు కొనాలన్నా పెట్టుబడి కావాలి. తరి శిస్తు మెట్ట శిస్తు కంటె ఎక్కువ. కృష్ణా, గోదావరి ఆనకట్టల కింద తరతరాలుగా సాగుచేసినవారికి ఈ పని చేతికి వచ్చినది, చేతిలో కొంత డబ్బూ ఉన్నది. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ అనేక ఎకరాలు వచ్చేవి. అట్లా భూమి చేతులు మారినది. 1937లో బోధన్ వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి శక్కర్‌నగర్ వెలసిన తర్వాత చెరకుకు గిరాకీ పెరిగి వలస ఇంకా బలపడినది.

వచ్చినవారు కష్టజీవులు. తుమ్మ పొదలు కొట్టి, మలేరియాకు ఓర్చి, భూమిని బంగారం చేశారనడంలో అతిశయోక్తి లేదు. ఇక రెండవవైపు సంగతి: భూమి అమ్ముకున్న స్థానిక రైతు కొన్నాళ్ళకు అదే పొలంలో కూలీగా నాట్లు వేయవలసి వచ్చినది. అతనికి ఎవరూ అన్యాయం చేయలేదు, బేరం కుదిరినది, డబ్బు చేతికి అందినది. అయినా మనసులో ముల్లు మిగిలినది. యాస పట్ల ఎగతాళి, "వాళ్ళకు సేద్యం రాదు" అన్న చులకన మాట, దానికి బదులుగా "బయటివాళ్ళు" అన్న మాట, ఇవన్నీ ఆ ముల్లు చుట్టూ పెరిగినవే.

ఇప్పుడు మదీనాకు వద్దాము. క్రీ.శ. 622లో దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) మదీనా చేరిన కొద్ది నెలలకే ముహాజిర్లలో ఒక్కొక్కరిని అన్సార్లలో ఒక్కొక్కరికి సోదరునిగా జతపరచారు. దీనినే ముఆఖాత్ అంటారు. ఇట్లా జతపడినవారు 90 మంది అని ఒక కథనం, 100 మంది అని మరొకటి. మన ఉపన్యాసాలలో ఈ ఘట్టం అన్సార్ల ఔదార్యానికి నిదర్శనంగా చెప్పబడుతుంది. అది నిజమే. సూరా హష్ర్ తొమ్మిదవ ఆయత్ వారి త్యాగాన్నే కొనియాడినది. అయితే అందులోని ఏర్పాటును గమనించేవారు తక్కువ.

అన్సార్లు తమ ఖర్జూర తోటలను ముహాజిర్లకు సగం పంచి ఇవ్వవలసినదిగా ప్రవక్తను (సఅసం) కోరారు. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు తోట అన్సార్లదే, కష్టంలో ముహాజిర్లు పాలుపంచుకోవాలి, ఫలసాయం ఇద్దరిదీ అనే ఒప్పందం కుదిరినది. సహీహ్ బుఖారీలో ఇది స్పష్టంగా ఉన్నది. మక్కావారు వర్తకులు, తోటపని ఎరుగరు. భూమి యాజమాన్యం కదలకుండా, అన్నం మాత్రం అందే మార్గమిది. వచ్చినవాడు ఆకలితో ఉండలేదు, ఇచ్చినవాని బిడ్డలు నేల కోల్పోలేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వృత్తాంతం అందరికీ తెలిసినదే. ఆయనకు సోదరుడైన హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపగా, ఆయన దుఆ చేసి, బజారు ఎక్కడ ఉన్నదో చూపమని మాత్రం అడిగారు. బనూ ఖైనుఖా బజారులో జున్ను, నెయ్యి అమ్మి నిలదొక్కుకున్నారు. ఇక్కడ అబ్దుర్రహ్మాన్ (రజి) ఆత్మగౌరవాన్ని మెచ్చుకుంటాము గాని, బజారు చూపినవారిని మరచిపోతాము. ఊరు తెలియనివానికి దారి చూపడం, ఫలానావాడు నమ్మదగినవాడు అని నలుగురిలో చెప్పడం చిన్న సహాయం కాదు.

ఈ ఏర్పాటుకు ముగింపు కూడా ఉన్నది. ముఆఖాత్ వలన మొదట వారసత్వపు హక్కు సైతం ఉండేది. బద్ర్ తర్వాత అది రద్దై, వారసత్వం రక్తబంధువులకే మళ్ళినది. ఖైబర్ విజయం తర్వాత ముహాజిర్లకు కలిమి రాగానే, అన్సార్లు అనుభవించమని ఇచ్చిన చెట్లను తిరిగి అప్పగించారు. హజ్రత్ అనస్ (రజి) కుటుంబం ఇచ్చిన చెట్లు అప్పటికి హజ్రత్ ఉమ్మె ఐమన్ (రజి) వద్ద ఉన్నాయి. వాటిని వదలడానికి ఆమె ఇష్టపడలేదు. బాలుడైన అనస్ మెడలో గుడ్డ వేసి పట్టుకుని ఇవ్వనన్నారు. ప్రవక్త (సఅసం) ఆమెను గద్దించలేదు. బదులుగా ఇంత ఇస్తాను, ఇంత ఇస్తాను అంటూ పది రెట్ల వరకు పెంచి ఒప్పించారు. నిలువనీడ లేనివారు ఒకసారి దొరికిన ఆధారాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటారో దీనివలన తెలుస్తుంది. వచ్చినవాని భయమూ ఇచ్చినవాని హక్కూ రెండూ అక్కడ లెక్కలోకి వచ్చాయి.

నిజాంసాగర్ కింద కాలువ, గేటు, తూము, శిస్తు అన్నిటికీ లెక్క ఉన్నది. వచ్చినవారికీ ఉన్నవారికీ మధ్య ఏ ఒప్పందమూ లేదు. 1919 నాటి ముల్కీ నిబంధనలు ఉద్యోగాల వరకే. రాజ్యంలో 15 ఏళ్ళు స్థిరనివాసం ఉంటే ముల్కీ అవుతాడని అవి చెప్పాయి. పొలానికి, బజారుకు, పలకరింపుకు అటువంటి గడువేదీ లేదు. 1969లో తెలంగాణ అంతటా ఉద్యమం లేచినప్పుడు, మరల 2014లో రాష్ట్రం ఏర్పడేవరకు, ఈ పాత కొలతే పైకి వస్తూ వచ్చినది.

కాలం మరొక చిత్రం చేసినది. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. అంతకు చాలా ముందునుండే ఈ జిల్లావారు దుబాయి, సౌదీ, కువైట్ బాట పట్టారు. ఆతిథేయులైనవారే ముసాఫిర్లయ్యారు. 1990లో కువైట్ యుద్ధంతో, 2013లో సౌదీ నితాఖాత్‌తో, 2020లో కరోనాతో వట్టి చేతులతో తిరిగివచ్చినవారు వీరిలో ఎందరో. పరాయి ఊరిలో గది అద్దెకు దొరకకపోవడం, కాగితం కోసం యజమాని చుట్టూ తిరగడం ఏమిటో నిజామాబాద్ మొహల్లాలలో విడమరచి చెప్పనక్కరలేదు.

అందుకే ఇటుక బట్టీలకు ఒడిశా నుండి, రైసు మిల్లులకు బీహారు నుండి వచ్చే కూలీల విషయంలో ఈ జిల్లావారికి ఎక్కువ తెలియాలి. వలసకూలీ వేరు, శరణార్థి వేరు అన్నది నిజమే. కూలీ ఈ దేశ పౌరుడు. అతని రేషను కార్డు ఇతర రాష్ట్రాలలో కూడా చెల్లే ఏర్పాటు 2019 నుండి క్రమంగా వచ్చినది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టి.సి. లేదనో, వయసు ధ్రువపత్రం లేదనో అతని బిడ్డను బడిలో చేర్చుకోకపోవడానికి వీలులేదు. ఈ రెండు మాటలు తెలియక నష్టపోయేవారు చాలామంది. హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాల సంగతి అట్లా కాదు. 1951 శరణార్థి ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి కార్డు చేతిలో ఉన్నా అది పౌరసత్వం కాదు. ప్రభుత్వం భూమి ఇచ్చి నిలబెట్టినచోట ఫలితం వేరుగా ఉంటుందనడానికి కాగజ్‌నగర్ దగ్గరి బెంగాలీ శరణార్థుల ఊళ్ళు సాక్ష్యం. తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన ఆ హిందూ కుటుంబాల ఊళ్ళలో ఒకదాని పేరు నజ్రుల్‌నగర్.

ఇక జకాత్ సంగతి. దివ్య ఖుర్ఆన్ సూరా తౌబా 60వ ఆయత్‌లో చెప్పిన ఎనిమిది పద్దులలో బాటసారి, అప్పులపాలైనవాడు ఇద్దరూ ఉన్నారు. స్వగ్రామంలో ఆస్తి ఉన్నా దారిలో చేతికి అందనివాడు బాటసారి కిందికి వస్తాడు. కనుక "వాళ్ళకు ఊళ్ళో పొలం ఉన్నదట" అని గల్ఫ్‌లోనో ఇక్కడనో చిక్కుకున్నవానికి జకాత్ నిరాకరించడం సరికాదు. ముస్లిమేతర కూలీకి జకాత్ చెల్లదని మన హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. అతనికి నఫిల్ సదకా ఇవ్వవచ్చును, ఇవ్వాలి కూడా. బట్టీ కూలీ సాధారణంగా ముందే పుచ్చుకున్న అడ్వాన్సు తీర్చడానికి వస్తాడు. అతనికి ఒక పూట భోజనం కంటె, లెక్క చదివి చెప్పే మనిషి ఎక్కువ అవసరం.

మస్జిద్ కమిటీలు కొన్ని వచ్చినవారికి కుట్టుమిషనో, తోపుడుబండో ఇస్తుంటాయి. మంచిదే. ఒక చిక్కు మాత్రం ఉన్నది. జకాత్ సొమ్ముతో కొన్న వస్తువు పుచ్చుకున్నవారి సొంతం కావాలి. దీనిని తమ్లీక్ అంటారు. మిషను కమిటీదిగానే ఉంచి, నెలకింత అద్దె తీసుకుంటే, లేదా మొహల్లా విడిచి వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చిపోవాలని షరతు పెడితే, జకాత్ చెల్లదు. తిరిగి తీసుకునే ఉద్దేశమున్నప్పుడు ఆ పనికి చందా సొమ్మును వాడాలి, ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పాలి.