తులసి పేరు తీసేసి కాష్మోరా అన్నారు

చదువుతుంటే ఒళ్ళు జలదరించిన కథ, సినిమాగా చూస్తే ఆవలింతలు ఎందుకు తెప్పిస్తుందండీ? నవలలు చదివే ఇల్లాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది.

యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ ఒక ఇంట్లో పత్రిక కొంటే నాలుగిళ్ళు తిరిగేది. కొల్లేటి లంకల నుంచి పండక్కి వచ్చిన ఆడపడుచు పాత సంచికలు మూటగట్టుకుని వెళ్ళేది. రాత్రిపూట చదివితే పెరట్లోకి వెళ్ళడానికి తోడు కావలసిందే! దాని తరువాయి నవల 'తులసి'. అదే 1986లో 'కాష్మోరా' అనే సినిమా అయింది. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, శరత్‌బాబు, భానుప్రియ నటించారు. అంతమంది ఉండి కూడా, నవల చదివి వెళ్ళిన నాకు "ఇంతేనా" అనిపించింది.

కిటుకు పేరు దగ్గరే ఉంది. నవలకి ఆడపిల్ల పేరు, సినిమాకి దెయ్యం పేరు.

'తులసిదళం'లో మనల్ని భయపెట్టింది కాష్మోరా కాదు. కళ్ళెదుట చిక్కిపోతున్న పసిపిల్ల, ఏం చెయ్యాలో పాలుపోని తల్లిదండ్రులు. ఒకళ్ళు జబ్బంటారు, ఒకళ్ళు చేతబడంటారు. ఏది నిజమో తెలియాలంటే వారం ఆగాలి మరి! ఆ వారంలో మన పిల్లాడికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, గుండె ఝల్లుమనేది. ఆ పుస్తకం సగం భయాన్ని మన ఇంట్లోంచే అరువు తెచ్చుకుంది. తెరమీద ఆ వీలు లేదు. రెండున్నర గంటల్లో అంతా చూపించెయ్యాలి. చూసేశాక ఇక ఊహించుకోవడానికి ఏం మిగులుతుంది?

అలాగని సినిమాకి చేతకాదని కాదు. బ్లాటీ 1971లో రాసిన 'ఎక్సార్సిస్ట్' 1973లో సినిమాగా వచ్చి దేశదేశాల్లో జనాన్ని వణికించింది. అందులో కూతుర్ని ఆస్పత్రుల చుట్టూ తిప్పే తల్లి ఉంది. పరీక్షల మీద పరీక్షలు చేయిస్తుంది, జవాబు దొరకదు. దెయ్యం కన్నా ఆ పరీక్షలు చూస్తేనే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ భయం ఎలాంటిదో ఏలూరు తల్లులకి ఒకరు చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి పిల్లలూ పెద్దలూ మూర్ఛ వచ్చి పడిపోయారు. 500 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అదేం జబ్బో మొదట ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. ఆ మాట వచ్చేలోగా పక్క మంచం మీద కూర్చున్న తల్లి మనసులో ఎన్ని అనుమానాలు తిరిగి ఉంటాయో!

ఆ నవలలు మూఢనమ్మకాలు పెంచుతాయని రంగనాయకమ్మగారు గట్టిగా విమర్శించారు. ఆ మాటని తేలిగ్గా తీసెయ్యలేం. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని, ముఖ్యంగా దిక్కులేని ఆడవాళ్ళని, కొట్టి చంపిన దారుణాలు మన దగ్గరా జరిగాయి. 'తులసిదళం' చదివేటప్పుడు కనీసం "ఇది జబ్బేమో" అనుకోవడానికి కాస్త చోటుంది. దెయ్యాన్నే తెచ్చి తెరమీద నిలబెడితే ఆ చోటు కూడా పోతుంది. అందుకే నాకు విసుగుతో పాటు కోపమూ వచ్చింది.

పుస్తకం దొరికితే మళ్ళీ చదవండి. ఇంట్లో పిల్లలకి జ్వరం లేని రోజు చూసుకుని మరీ మొదలుపెట్టండి.