హరిత బాండులో పెట్టిన రూపాయి

ఇండోర్ నగరం మాళవ పీఠభూమిపై ఉన్నది. దానికి త్రాగునీరిచ్చే నర్మదానది దాదాపు 70 కిలోమీటర్ల దూరాన, ఎంతో పల్లంలో ప్రవహిస్తున్నది. జలూద్ వద్ద నీటిని తోడి అంత ఎత్తుకు చేర్చవలసిన పంపులకు విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది. ఈ భారాన్ని తగ్గించుకొనేందుకు 60 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని తలపెట్టిన నగరపాలక సంస్థ, 2023 ఫిబ్రవరిలో 244 కోట్ల రూపాయల హరిత బాండ్లను ప్రజలకు విక్రయించింది. వడ్డీ సాలీనా 8.25 శాతం. కోరినదానికంటె ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి.

పర్యావరణానికి మేలు చేసే పనులలోనే డబ్బు పెట్టడంవల్ల నిజంగా ఏమైనా మారుతుందా అన్న ప్రశ్నకు ఇది ఒక సమాధానం. బ్యాంకు అప్పుతోనైనా ఆ కేంద్రాన్ని కట్టవచ్చునేమో. అయినా ఇక్కడ మదుపరి రూపాయి ఒక నిర్దిష్టమైన నిర్మాణానికి కొత్తగా చేరిన సొమ్ము.

స్టాక్ ఎక్స్ఛేంజిలో పరిస్థితి వేరు. బొగ్గు కంపెనీ వాటాలను ఒకరు అమ్మితే మరొకరు కొంటారు. డబ్బు వారిద్దరి మధ్య చేతులు మారుతుందేగాని కంపెనీ ఖజానాలో పైసా తగ్గదు, గని మూతపడదు. పవన విద్యుత్ కంపెనీ పాత వాటాలు కొన్నా అంతే. చాలామంది విముఖులైతే వాటా ధర పడిపోయి, ఆ కంపెనీకి కొత్త మూలధన సేకరణ ప్రియమవుతుందన్న వాదాన్ని కొట్టివేయలేము. కాని చవకగా దొరికిన వాటాలకు లాభాపేక్ష గలవారు ఎగబడక మానరు. వాటా అమ్ముకొని తప్పుకోవడంకంటె, అట్టిపెట్టుకొని సర్వసభ్య సమావేశంలో నిలదీయడమే ఫలవంతమని నాకు తోస్తుంది.

కేంద్రప్రభుత్వ హరిత బాండ్లు ఈ రెంటికీ నడిమివి. 2023 జనవరి 25న రిజర్వు బ్యాంకు తొలివిడతగా 8,000 కోట్ల రూపాయల బాండ్లు వేలం వేసినప్పుడు, సాధారణ ప్రభుత్వ బాండ్లకంటె నూరు రూపాయలకు 5, 6 పైసలు తక్కువ వడ్డీకి మదుపరులు అంగీకరించారు. లెక్కకడితే ఆదా ఏడాదికి నాలుగైదు కోట్లు. దేశ బడ్జెట్టులో ఇదెంత? ఆ కాస్త ఆదా కూడ తర్వాత నిలువలేదు. 2024 మే నెలాఖరు వేలంలో వచ్చిన బిడ్లలో ఒక్కదానినీ రిజర్వు బ్యాంకు ఆమోదించలేదు.

ఈ సొమ్ము ముందుగా భారత సంచిత నిధిలో చేరి, అటుపిమ్మట సౌర, పవన విద్యుత్తు, మెట్రో రైళ్ళు వంటి పద్దులకు పోతుంది. వాటిలో కొన్ని బాండ్లు లేకున్నా బడ్జెట్టులో ఉండదగినవే. ఏ పద్దుకు ఎంత కేటాయించినదీ ఏటా ప్రకటించాలని ప్రభుత్వమే 2022 నవంబరు నాటి విధానపత్రంలో నియమం పెట్టుకున్నది. బాండు కొన్నవారు ఆ నివేదికలో వెదకవలసినది మొత్తం అంకెను కాదు, తమ సొమ్ముతో కొత్తగా మొదలైన పనులెన్ని అన్నదానిని.