అదును – పదును: మన గాలి, మన వాన

“వాతావరణం” అన్న ఒక్క మాటను మనం మూడు పనులకు వాడుకుంటున్నాం. భూమి చుట్టూ ఉన్న గాలి పొరా వాతావరణమే. ఇవ్వాళ వాన పడుతుందా, ఎండ కొడుతుందా అన్న సంగతీ వాతావరణమే. లోకమంతా వేడెక్కుతున్నదన్న వార్తకు పేపర్లో పెట్టే శీర్షిక కూడా “వాతావరణ మార్పు”. మాట ఒక్కటే గనుక మూడూ ఒకటేనని అనుకుంటాం. పరీక్షలో అయితే రెండు మార్కులు పోతాయి, అంతే. కాని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో సేద్యం మీద బతికే మన ఇండ్లలో ఈ తేడా తెలియకపోతే పోయేది విత్తనం, ఎరువు, ఏడాది కష్టం. అందుకని ఆ మూడింటినీ విడదీసి చెప్పే ప్రయత్నం చేస్తున్నాను. నేను సైన్సు విద్యార్థినే గాని పుట్టింది రైతు ఇంట్లో. కాబట్టి పుస్తకం మాటలతో పాటు మా ఊరి మాటలు కూడా దొర్లుతాయి. పాఠక మిత్రులు మన్నించాలి.

గాలి పొర

పొడి గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆమ్లజని ఉన్నాయి. మిగిలిన ఒక్క శాతంలో ఎక్కువ వాటా ఆర్గాన్ ది. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం కంటె కొంచెం ఎక్కువ. వీటికి తోడు నీటి ఆవిరి. అది చోటును బట్టి, కాలాన్ని బట్టి దాదాపు సున్నా నుంచి 4 శాతం దాకా ఉంటుంది. పరిమాణంలో చిన్నవైన ఈ చివరి రెండే మన బతుకును ఎక్కువగా శాసిస్తున్నాయి.

గాలికి బరువుంది. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువు గాలి మోపి ఉంటుంది. దాన్నే పీడనం అంటాం. పైకి పోయినకొద్దీ పీడనం తగ్గుతుంది, చలి పెరుగుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సూర్యునికి దగ్గరయితే వేడెక్కాలి గదా అని మా తమ్ముడు అడిగిండు. ఎండ గాలిని నేరుగా వేడి చేసేది తక్కువ. ముందు నేల కాగుతుంది, ఆ నేల తన మీది గాలిని కాగబెడుతుంది. పెనం మీద చెయ్యి పెడితే కింద ఎక్కువ వేడి, పైకి తీసినకొద్దీ తక్కువ. ఇదీ అంతే.

మబ్బులు, గాలిదుమారాలు, వానలు దాదాపు అన్నీ ట్రోపో ఆవరణం అనే అడుగు పొరలోనే జరుగుతాయి. ఉష్ణమండలంలో దాని ఎత్తు 16 నుంచి 18 కిలోమీటర్లు. కామారెడ్డి నుంచి పక్క మండలానికి బస్సులో పోయినంత దూరం కూడా ఉండదు.

మొగులు ఎట్లా అవుతుంది?

తేమ గల వేడి గాలి తేలిక గనుక పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ గనుక వ్యాకోచిస్తుంది. వ్యాకోచిస్తే చల్లబడుతుంది. చల్లని గాలిలో అంత ఆవిరి ఇమడదు. అప్పుడు మిగులు ఆవిరి దుమ్ము కణాల చుట్టూ చేరి సన్నటి నీటి తుంపరలవుతుంది. అదే మొగులు. తుంపరలు ఒకదానితో ఒకటి కలిసి గాలి మోయలేనంత బరువైతే వాన.

ఇందులో ఒక రహస్యం ఉంది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారితే సుమారు 600 కాలరీల గుప్తోష్ణం బయటపడుతుంది. ఆ వేడికి చుట్టూ ఉన్న గాలి ఇంకా పైకి లేస్తుంది, కింది నుంచి ఇంకా తేమను గుంజుకుంటుంది. అంటే మొగులు తన పొయ్యిని తానే మండించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దంతా నిప్పులు చెరిగి సాయంత్రం ఒక్కసారి రాళ్ల వాన పడటానికి కారణం ఇదే. కాగిన నేల మీది గాలి నిట్టనిలువునా లేచి, గడ్డకట్టే చలి ఉన్న ఎత్తుకు చేరుతుంది. యాసంగి వడ్లు కల్లంలో ఉండే రోజులు సరిగ్గా అవే. మా వడ్లు ఒక ఏడు రెండుసార్లు తడిసినయి. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని మళ్లీ ఆరబోయమన్నారు. మా అమ్మ అర్ధరాత్రి లేచి టార్పాలిన్ కప్పేది, తెల్లారి తీసేది. ఆమెకు గుప్తోష్ణం అన్న పేరు తెలియదు గాని దాని పని బాగా తెలుసు.

కార్తె చెప్పేది ఏమిటి?

ఎండకాలంలో నేల సముద్రం కంటె త్వరగా వేడెక్కుతుంది. నేల మీద పీడనం తగ్గుతుంది. సముద్రం మీది తేమగాలి లోపలికి వస్తుంది. 1686 లోనే ఎడ్మండ్ హాలీ ఋతుపవనాలకు ఈ రీతిగా కారణం చెప్పాడు. తర్వాత భూభ్రమణం, హిమాలయాలు, పై ఎత్తు గాలుల పాత్ర కూడా తెలిసింది. నైరుతి ఋతుపవనం మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, జూన్ మొదటి పక్షంలో మన దగ్గరికి వస్తుంది.

మన పెద్దలు దీన్ని మృగశిర కార్తె అన్నారు. అది జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తుంది. తిథులు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి గనుక పండుగలు ఏటా జరుగుతుంటాయి. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. సూర్యుడు 27 నక్షత్రాలలో ఒక్కొక్కదాన్ని దాటడానికి పట్టే 13, 14 రోజులే ఒక కార్తె. ఋతువులు కూడా సూర్యుని వల్లనే వస్తాయి గనుక కార్తెకూ కాలానికీ పొత్తు కుదిరింది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న సామెత ఎన్నో తరాల అనుభవం సగటు. సగటు అంటే శీతోష్ణస్థితి. శాస్త్రజ్ఞులు దీన్ని కనీసం 30 ఏండ్ల లెక్కలతో తీస్తారు.

అయితే కార్తె కూడా నిలకడ గలది కాదు. భూమి అక్షం బొంగరం లాగా మెల్లగా తిరుగుతున్నందున, సుమారు 72 ఏండ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు ఋతువుల నుంచి వెనకబడుతున్నాయి. వెయ్యేండ్లకు ఒక కార్తె అంత తేడా వస్తుంది. కాబట్టి మరీ పాత సామెతను తేదీతో సహా నమ్మరాదు.

రైతు భాషలో రెండు మంచి మాటలున్నాయి: అదును, పదును. అదును అంటే విత్తే కాలం. అది శీతోష్ణస్థితి. పదును అంటే నేల తడి. అది ఈ వారం పడిన వాన. అదును వచ్చింది గదా అని పదును లేకుండా మక్కలు, సోయా వేస్తే మొలక మాడుతుంది. పదునుంది గదా అని అదును తప్పి వేస్తే పంట పండదు. రెండూ చూడాలె.

2025 ఆగస్టు

అదును ఒక్కటే చాలదని మన జిల్లాకు 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో తెలిసింది. వినాయక చవితి నాడు, మఖ కార్తెలో, బంగాళాఖాతం వాయవ్య భాగంలో ఏర్పడిన అల్పపీడన ప్రభావంతో వాన మొదలైంది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా నమోదయింది. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. ఇది దానికి రెట్టింపు. కామారెడ్డి కాలనీల్లో నీళ్లు నిలిచాయి, 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిన్నది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. 1922 లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు అలుగు మీద నుంచి నీళ్లు ఉధృతంగా పొర్లి పక్కన మట్టి కోసుకుపోయింది. కట్ట మాత్రం నిలబడింది.

40 సెంటీమీటర్లు అంటే ఎంత? ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,047 లీటర్లు. 400 మిల్లీమీటర్లకు ఎకరానికి 16 లక్షల లీటర్లు. అదే వాన 70 చదరపు కిలోమీటర్ల మీద పడితే దాదాపు ఒక టీఎంసీ. నిండు నిజాంసాగర్ లో పట్టేది 17.8 టీఎంసీలు. ఇంత నీరు ఒక రోజులో వాగులకెక్కితే ఒడ్డున ఉన్న పొలాల గతి చెప్పనక్కరలేదు. మాది రెండెకరాల వరి మీద ఇసుక మేట వేసింది. ఇసుక ఎత్తిపోయించడానికి అయిన ఖర్చు ఆ పంట విలువను మించింది. ఏడాది సగటు వాన మంచిగున్నా రైతు మునగవచ్చునని అర్థమైంది.

ఇదంతా వాతావరణ మార్పేనా?

ఒక్క వానను చూపి అవునని గాని కాదని గాని అనరాదు. ఒక్క రోజు వాన వాతావరణం, మార్పు అనేది శీతోష్ణస్థితి లెక్క. 2023 సంగతి చూడండి. జూలై చివర ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలో ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లు దాటింది. వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తానికి 1901 తర్వాత అతి పొడి ఆగస్టు. అది పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏడు.

కాని ఒక సూత్రం మాత్రం గట్టిది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగి భూమి సగటు వేడి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా పెరిగింది. పాత్ర పెద్దదైతే ఒలికేది కూడా పెద్దదే. కుండపోత వానలు మునుపటి కంటె ఎక్కువ కావడానికి ఇది అనువైన స్థితి.

మనం చేయగలిగినవి

పసుపు హెచ్చరిక అంటే కనిపెట్టి ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. ఇంట్లో ఫోన్ చూడటం వచ్చింది మనకే గనుక ఈ సంగతి నాయినకు, పక్కింటి పెద్దనాయినకు చెప్పే బాధ్యత కూడా మనదే. మెరుపు తర్వాత ఉరుము వినబడటానికి పట్టిన సెకండ్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. అది పది లోపైతే చెట్టు కిందికి పోకుండా పక్కా ఇంట్లోకి పోవాలె.

ఇంకొకటి. ఒక ఊళ్లో వాన దంచితే పక్క ఊళ్లో చినుకు ఉండదు. మండల కేంద్రం లెక్క మన చేనుకు సరిపోదు. నిలువు గోడలున్న డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా బయట పెట్టి, పొద్దున 8.30 కు స్కేలుతో నీటి లోతు కొలిస్తే అదే మిల్లీమీటర్లలో వాన. డబ్బా వెడల్పు ఎంతైనా ఫరవాలేదు, గోడలు నిలువుగా ఉండాలె. మన కాలేజీలో ఎన్నో ఊళ్ల విద్యార్థులున్నారు. ఊరికొకరు నోటుబుక్కులో రాసి పెడితే, ఈ సంఘం వాటిని ఏటా ఈ సావనీర్ లోనే అచ్చు వేస్తే, ఏ వాగు ఎంత వానకు పొర్లుతుందో కొన్నేండ్లకే తెలుస్తుంది. వచ్చే సంవత్సరపు కార్యవర్గం ఈ పనిని చేపట్టాలని కోరుతున్నాను. మా ఊరి లెక్క నేనిస్తాను.