కలెక్టరు చదువు

మా తమ్ముడి కూతురు తిరుపతిలో ఎం.ఎ. చదవబోతోందని తెలిసిన రోజున రాజంపేటలో మా వీధివాళ్లంతా "యే సబ్జెక్టు?" అని అడిగారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అన్నాను. "అంటే కలెక్టరు చదువా?" అన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. కాని మా తమ్ముడికి మాత్రం వున్న సంగతి చెప్పవలసి వచ్చింది. వాడు నిమ్మతోట కౌలుకిచ్చి ఆ డబ్బుతో పిల్లను చదివించబోతున్నాడు మరి! రెవిన్యూ ఆఫీసులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి గనుక, యిలాంటి విషయాల్లో యింట్లో నా మాటకు కొంచెం విలువుంది.

కలెక్టరు కావడానికి యీ ఎం.ఎ. అక్కరలేదు. సివిల్ సర్వీసు పరీక్షకు యే డిగ్రీ అయినా చాలు. 1987లో యీ సబ్జెక్టును ఆ పరీక్షలో ఐచ్ఛికాంశంగా చేర్చారు. అప్పట్లో అభ్యర్థులు రెండు ఐచ్ఛికాంశాలు రాసేవారు. 2013 నుంచి ఒకటే. మెయిన్సు రాతపరీక్షలో మొత్తం 1750 మార్కులుంటే దాని వాటా 500. యిక మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వెలిసి, లక్షకు పైగా ఉద్యోగాలు వచ్చాయి. పంచాయతీ కార్యదర్శి పోస్టుకు అప్పుడూ మామూలు డిగ్రీయే అడిగారు. ఎం.ఎ. చదివినవారికి ప్రత్యేకంగా పీట వెయ్యలేదు.

"అయితే యింత డబ్బు పోసి చదివించడం దేనికన్నా?" అన్నాడు మా తమ్ముడు.

దానికి జవాబు నేను చెప్పలేదు. ఆ పిల్ల అప్పటికే చెప్పింది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. యెగువన పింఛా కట్ట అంతకు ముందే తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట నీళ్లపాలయ్యాయి. ముప్పైమందికి పైగా చనిపోవడమో, గల్లంతు కావడమో జరిగింది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో వున్న మా అమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి దుప్పట్లు పంచడానికి పోయి, బురదకాళ్లతో తిరిగొచ్చి నా యెదుట కూర్చుంది.

"పెదనాన్నా, గేట్లు యెత్తమని చెప్పేదెవరు? వూరు ఖాళీ చెయ్యమని చెప్పేదెవరు? యీ యిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని యే కాగితంలో రాసి వుంటుంది?"

యే ఫైలు యే బల్ల మీదికి పోతుందో నాకు కంఠోపాఠం. అక్కడికే యెందుకు పోవాలని నేను సర్వీసంతా ఒక్కనాడూ అడగలేదు! ఆ డిసెంబరులోనే పార్లమెంటులో ఆనకట్టల భద్రత చట్టం నెగ్గింది. పెద్ద ఆనకట్టలకు ప్రమాదం వస్తే యేం చెయ్యాలో ముందే ప్రణాళిక రాసి పెట్టుకోవాలని అందులో వుంది. కాని ఆ ప్రణాళిక రాయడానికీ, దాన్ని గడప గడపకూ చేర్చడానికీ మనుషులు కావాలిగదా!

యీ చదువు సారమంతా అదే. ఆజ్ఞ యెక్కడ పుట్టి యెవరి గడపకు చేరుతుంది, దారిలో యెక్కడ ఆగిపోతుంది అన్నదే. సిబ్బంది, బడ్జెట్టు, ఆడిట్టు, పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ రాజ్యాంగంలో చోటిచ్చిన 73, 74వ సవరణలు, 2005 నాటి సమాచార హక్కు చట్టం, అన్నీ చదవాలి. కొన్ని పాఠాలకు నిద్ర తన్నుకొస్తుందని మా అమ్మాయే ఒప్పుకుంది.

అమెరికాలో వుడ్రో విల్సన్ 1887లో పరిపాలన ఒక శాస్త్రం కావాలని వ్యాసం రాశాడు. ఢిల్లీలో యిండియన్ యిన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ 1954లో వెలిసింది. అయితే పాలించేవాడికి ముందు చదువు చెప్పి పంపాలన్న ఆలోచన మన కడపకు అంతకన్నా పాతది. బ్రౌను దొర మద్రాసులో సెంట్ జార్జి కోట కాలేజీలో తెలుగు నేర్చుకుని 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. అంతకు ముందే మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల్లో డేరాలు వేసుకుని తిరిగి పొలాలు కొలిపించాడు. అది కుంఫిణీవారి శిస్తు కోసమే అనుకోండి!

మనకు దగ్గరలో వున్నది తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం. రాజంపేటలో రైలెక్కి రేణిగుంట మీదుగా పోవచ్చు. హైదరాబాదులో ఉస్మానియా వుంది. యిల్లు కదలలేనివారికి 1982లో పుట్టిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటివి వున్నాయి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేయాలనుకునేవారు బొంబాయిలో 1936 నాటి టాటా సంస్థవైపూ, గుజరాతులోని ఆనంద్‌లో 1979లో కురియన్ పెట్టిన గ్రామీణ నిర్వహణ సంస్థవైపూ కూడా చూడవచ్చు. మన సీమలోనే అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969 నుంచి చేసిన పని తెలిసిందే. అలాంటి చోట పట్టా ఒక్కటే చాలదు. వూళ్లు తిరిగి, లెక్కలు రాసి, జనంతో మాట్లాడిన అనుభవం కావాలి.

జీతాల సంగతి తల్లిదండ్రులు ముందే తెలుసుకోవడం మంచిది. మా అమ్మాయికి సంబంధం చూస్తున్నప్పుడు స్వచ్ఛంద సంస్థ అనగానే అవతలివారు, "జీతం కూడా స్వచ్ఛందమేనా అండీ?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా తమ్ముడికి రాలేదు.

పిల్ల 2024లో ఎం.ఎ. ముగించింది. ఒక పరీక్ష రాసి తప్పింది. యిప్పుడు అనంతపురం వైపు ఒక చిన్న సంస్థలో చెరువుల పని చూస్తూ, రాత్రిపూట గ్రూపు పరీక్షలకు చదువుకుంటోంది. మొన్న యింటికి వచ్చినప్పుడు ఒక తెల్లకాగితం మీద చెయ్యేటి వొడ్డునున్న వూరి పటం గీసి, నీళ్లొస్తే యే వీధివాళ్లు యే మిట్టకు పోవాలో, ముసలివాళ్లను యెవరు పట్టుకెళ్లాలో గుర్తులు పెట్టి వాళ్ల నాన్నకు చూపించింది. వాడు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత "జీతం పెరిగిందామ్మా?" అన్నాడు. లేదంది. వాడేమీ అనలేదు. మరునాడు పొద్దున్నే పోయి నిమ్మతోట కౌలు యింకో యేడాదికి రాసిచ్చి వచ్చాడు.