మండే మంచు

పాలకుర్తి ఎండలో ఐస్‌ఫ్రూటు కరుగుతుందే గాని మండదు. అయితే మండే మంచు కూడా ఉన్నది! సముద్రం అడుగున ఒత్తిడికీ, చలికీ నీటి అణువులు గూళ్లుగా ఏర్పడి మీథేన్ వాయువును బంధిస్తాయి. 2006లో "జాయిడెస్ రిజల్యూషన్" అనే ఓడ కృష్ణా గోదావరి తీరానికి ఎదుట, బంగాళాఖాతం అడుగును తొలిచి ఈ మంచును పైకి తీసింది.

గూళ్లు పగలగొట్టి మీథేన్ తీస్తే సముద్రపు నేల కుంగవచ్చు. మరి ఉపాయం? పొగగొట్టాలు విడిచే బొగ్గుపులుసు వాయువును లోపలికి పంపితే, అది మీథేన్‌ను వెళ్లగొట్టి తానే ఆ గూటిలో కాపురముంటుంది. ఇల్లు కూలదు, అద్దెకున్నవాడు మారతాడు, అంతే!

2012లో అలాస్కాలో ఈ వాయువుకు నత్రజని కలిపి పంపి చూడగా మీథేన్ బయటికి వచ్చింది. కాని ఒక చిక్కున్నది: పైపొర మారగానే అదే లోపలి పొరలకు అడ్డుగోడ అవుతుంది. ఆ గోడ దాటే ఉపాయం మీలో ఎవరికి తోస్తుందో!